ఆరీ కట్టిన వంటగది

లింటన్ మిల్స్‌లోని ఆ ఇంటిని షాలేమ్ పడగొట్టడానికే కొన్నాడు. ఆ సంగతి అమ్మినవాడికీ తెలుసు, ఊరికీ తెలుసు.

ఊరంటే పెద్దదేం కాదు. ఒషావా పట్నం నుంచి ఉత్తరానికి ముప్పావు గంట కారులో పోతే మొక్కజొన్న పొలాల మధ్య ఒక మెయిన్ రోడ్డు, దానికి అటూ ఇటూ ఇటుక ఇళ్లు, రెండు చర్చిలు, ఒక హార్డ్‌వేర్ షాపు, ఒకప్పుడు పిండిమర తిప్పిన వాగు. ఊరి చివర పయనీర్ విలేజ్ అని ఒకటి ఉంది. దాదాపు రెండొందల ఏళ్ల కిందట స్కాట్లండు నుంచీ ఐర్లండు నుంచీ వచ్చి, అడవి కొట్టి స్థిరపడినవాళ్ల ఇళ్లనీ, కమ్మరి కొట్టునీ, ఒంటిగది బడినీ అక్కడికి తరలించి నిలబెట్టారు. వేసవిలో స్కూలు పిల్లలు బస్సుల్లో వచ్చి చూసి పోతుంటారు.

షాలేమ్‌ది నరసాపురం దగ్గర పల్లె. ఒషావాలో కారు విడిభాగాల ఫ్యాక్టరీలో క్వాలిటీ సూపర్‌వైజరు. భార్య సంతోషకుమారి లింటన్ మిల్స్‌కి దగ్గర్లోనే ముసలివాళ్లుండే ఒక కేర్ హోమ్‌లో నర్సు. ఒషావాలో వాళ్ల టౌన్‌హౌస్‌లో శుక్రవారం ప్రార్థన కూడిక పెడితే సగం మంది మెట్ల మీద కూర్చునేవారు. కార్లు అడ్డం పెట్టారని పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొట్టేవారు. పెద్ద బేస్‌మెంటు, పదిహేను కార్లు పట్టే వాకిలి ఉన్న ఇల్లు కట్టుకోవాలని షాలేమ్ చాలా ఏళ్లుగా అనుకుంటున్నాడు. ఈ స్థలం దొరికింది. దాని మీదున్న ఇల్లు అతని లెక్కలోకే రాలేదు.

ఆ ఇంట్లో లెక్కలోకి రావడానికి ఏమీ కనిపించేదీ కాదు. గోడలకి తెల్ల వినైల్ ప్లాస్టిక్ పలకలు తొడిగిన అంతస్తున్నర ఇల్లు. వెనక వైపు ఒంటి వాలు కప్పుతో అతికించిన వంటగది. పైకప్పు మధ్యలో కాస్త కుంగింది.

మే నెలలో కాంట్రాక్టరు పని మొదలుపెట్టాడు. ముందు వినైల్ పలకలు ఊడదీశాడు. వాటి కింద రంగు వెలసిన చెక్క పలకలున్నాయి. అవీ ఊడదీస్తే దుంగలు కనిపించాయి. మామూలు దుంగలు కావు. మూరెడు వెడల్పున నలుపలకలుగా చెక్కినవి, ఒకదాని మీద ఒకటి పేర్చినవి, మధ్య సందుల్లో సున్నం కూరినవి. కాంట్రాక్టరు మనిషి ఒకడు ఫోటో తీసి ఊరి ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి రోడ్డు మీద పోయే కార్లు ఆగి చూడడం మొదలైంది.

మర్నాడు గ్లెన్ మెక్‌ఫెయిల్ వచ్చాడు. రిటైరైన హిస్టరీ టీచరు, పాత కట్టడాల సంగతి చూసే ఊరి హెరిటేజ్ కమిటీకి అధ్యక్షుడు. పొడుగాటి మనిషి, మాట మెత్తన. ఇంటి మూల దగ్గరికి పోయి, దుంగల కొసలు ఒకదానిలో ఒకటి బిగిసేలా కోసిన చోట అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు.

"గొడ్డలి గాట్లు చూశారా?" అన్నాడు షాలేమ్‌తో. "రంపం తగల్లేదు దీనికి. వెయ్యీ ఎనిమిది వందల ముప్ఫైల్లో కట్టి ఉండాలి. టర్న్‌బుల్ అని ఒక కుటుంబం ఇక్కడ దిగినట్టు మాకు తెలుసు గానీ, వాళ్ల ఇల్లు ఎప్పుడో కాలిపోయిందనుకున్నాం."

"ఇప్పుడేం చెయ్యాలంటారు?" అన్నాడు షాలేమ్.

"కొన్నాళ్లు ఆపండి, అంతే."

ఆ కొన్నాళ్లూ టౌన్ కౌన్సిల్ నోటీసు రూపంలో వచ్చాయి. ఇల్లు చారిత్రక కట్టడం అవునో కాదో తేలేదాకా డిమాలిషన్ పర్మిట్ నిలిపేశారు. షాలేమ్ ఆ కాగితం తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పడేశాడు.

"మన ఇల్లు మనం పడగొట్టుకోడానికి ఊరంతా ఓటెయ్యాలంట," అన్నాడు.

పదహారేళ్ల కూతురు ఎలీనా ఫోన్లోంచి తలెత్తకుండానే "ఇట్స్ హిస్టరీ, డాడ్," అంది.

"హిస్టరీ అయితే వాళ్లే కొనుక్కోవల్సింది. నేను కొన్నాకే గుర్తొచ్చిందా?"

సంతోషకుమారికి గ్లెన్ మీద కోపం రాలేదు. అలాగని ఆ దుంగల మీద ప్రేమా పుట్టలేదు. అప్పటికి ఆమెకి ఆ ఇల్లు ఒక ఆలస్యం, అంతే.

జూన్ చివర్లో గ్లెనే దారి చూపించాడు. దుంగల ఇంటిని ఊడదీసి పయనీర్ విలేజ్‌కి తీసుకుపోతారు. ఖర్చు విలేజ్ ట్రస్టు పెట్టుకుంటుంది. స్థలం ఖాళీ అయిపోతుంది, షాలేమ్ తన ఇల్లు తను కట్టుకోవచ్చు. ఇంటిని ఉచితంగా ఇచ్చినందుకు విలేజ్ గేటు దగ్గర దాతల పేర్లలో వాళ్ల పేరు కూడా వేస్తారు. షాలేమ్ అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. లోకల్ పేపరువాళ్లు వచ్చి దుంగల ముందు అతన్నీ గ్లెన్‌నీ నిలబెట్టి ఫోటో తీశారు.

ఆ పేపరు కేర్ హోమ్‌కి కూడా వచ్చింది.

అక్కడ హెండ్రికా అని తొంభై దాటిన డచ్ ఆవిడ ఉంది. చెవులు బాగానే వినిపిస్తాయి, కాళ్లే సహకరించవు, వీల్‌చెయిర్‌లో తిరుగుతుంది. షాలేమ్‌కి ఇల్లు అమ్మింది ఆవిడ కొడుకే. ఎక్కడో దూరాన అల్బర్టాలో ఉంటాడు. అమ్మేటప్పుడు సంతోషకుమారితో ఫోన్లో ఒకమాట అన్నాడు: ఇల్లు పడగొడుతున్నారని అమ్మకి చెప్పొద్దు, ఊరికే బాధపడుతుంది. సంతోషకుమారి చెప్పలేదు. రోజూ మాత్రలిస్తూ, బీపీ చూస్తూ, ఆ సంగతి మాత్రం దాటేస్తూ వచ్చింది.

ఆ రోజు ఆమె మందుల బండి తోసుకుంటూ గదిలోకి వెళ్లేసరికి హెండ్రికా ఒళ్లో పేపరు పరుచుకుని, భూతద్దంతో ఫోటో చూస్తోంది.

"ఇందులో ఉన్నాయన నీ భర్తేనా?"

"అవునండి."

"ఇల్లు కొన్నది మీరా?"

"మేమేనండి. మీ అబ్బాయి చెప్పొద్దన్నారు. అందుకే..."

హెండ్రికా భూతద్దం పక్కన పెట్టింది. "వాడు చిన్నప్పట్నుంచీ అంతే. నేను ఏడుస్తానని వాడికి భయం," అంది. తర్వాత మళ్లీ ఫోటో వైపు చూసింది. "మా ఇంటికి బట్టలు విప్పేశారు మీరు."

సంతోషకుమారి మందుల బండి పక్కకి నెట్టింది. క్షమించమంది. ఆవిడ ఆ మాట పట్టించుకోలేదు.

"ఆ దుంగల్ని కప్పింది ఆరీ. నా భర్త," అంది. "మేం యాభై మూడులో ఓడెక్కి ఈ దేశం వచ్చాం. పక్క ఫార్మ్‌లో ఆయన పాలేరుగా చేరాడు. ఆ ఇల్లు మాకు అద్దెకిచ్చారు, ఇంకెవరూ ఉండరు కాబట్టి. అప్పట్లో దుంగల ఇల్లంటే గతిలేనివాళ్ల ఇల్లు. మా పెద్దపిల్లని బడిలో 'కొట్టంలో ఉంటారు వీళ్లు' అని ఏడిపించేవారు. పిల్ల ఏడుస్తూ ఇంటికొచ్చేది. ఇల్లు మా సొంతమైన ఏడే ఆరీ పలకలు తెచ్చి నాలుగు గోడలూ మూసేశాడు. అవి వేసిన రోజున రోడ్డు మీదికి వెళ్లి నిలబడి చూసుకున్నాడు. ఇప్పుడు అందరి ఇళ్లలాగే ఉంది అన్నాడు."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. మాత్రలు మింగి నీళ్లు తాగింది.

"వెనక వంటగది కూడా ఆయనే కట్టాడు. ఎవరో కోళ్లషెడ్డు పీకేస్తుంటే ఆ చెక్క అడిగి తెచ్చుకున్నాడు. దక్షిణం వైపు మూడు కిటికీలు పెట్టాడు. నా చిన్నకొడుకు అక్కడే పుట్టాడు, మంచు తుఫానులో డాక్టరు రాలేకపోతే. అదీ తీసుకెళ్తున్నారా పయనీర్ విలేజ్‌కి?"

"తెలీదండి. కనుక్కుంటాను," అంది సంతోషకుమారి.

కనుక్కుంది. గ్లెన్ మర్యాదగానే చెప్పాడు. పయనీర్ విలేజ్ అంటే ఒక కాలం. అక్కడ కరెంటు స్తంభం కూడా కనపడనివ్వరు. వంటగది యాభైల్లోది, కోళ్లషెడ్డు చెక్కతో కట్టినది. పైగా దాని తలుపు కోసం వెనక గోడలో మూడు దుంగలు కోసేశారు. ఆ మూడూ కొత్తగా చెక్కించి పెట్టి ఇంటిని మొదట ఎలా ఉందో అలా చేస్తారు.

"మీకొక సంగతి చెప్పనా?" అన్నాడు గ్లెన్. "ఆ పలకలు కప్పి ఉండకపోతే ఈపాటికి దుంగలన్నీ పుచ్చిపోయి ఉండేవి. వానా మంచూ తగలకుండా కాపాడింది ఆయనే."

"అలాగని ఆయన కట్టింది మాత్రం పడగొట్టేస్తారా?"

"ప్రతి ఇంటినీ ఏదో ఒక ఏడాది దగ్గర ఆపాలి కదా," అన్నాడు. "మీకు అభ్యంతరమైతే కమిటీ ముందు చెప్పండి. వచ్చే మంగళవారం మీటింగుంది. ఎవరైనా మాట్లాడొచ్చు."

ఇంట్లో ఈ మాట చెబితే షాలేమ్ గిన్నెలు కడుగుతున్నవాడు కుళాయి కట్టేసి ఇటు తిరిగాడు.

"కుమారీ, నీకేమన్నా పిచ్చా? ఇప్పటికే రెండు నెలలు పోయాయి. మళ్లీ నువ్వెళ్లి అదీ చారిత్రకమే, ఇదీ చారిత్రకమే అంటే, సరే రెండూ ఇక్కడే ఉంచండి అంటారు వాళ్లు. అప్పుడు మనం టెంటేసుకుని ఉండాలి."

"ఉంచమని అడగట్లేదండి. రెండూ తీసుకెళ్లమని అడుగుతాను."

"ఆవిడ అడిగిందా నిన్ను?"

"లేదు."

"మరి?"

"రోజూ ఆవిడ మొహం చూసేది నేను కదా," అంది. షాలేమ్ మళ్లీ కుళాయి తిప్పాడు. ఆ వారం శుక్రవారం ప్రార్థనలో ఇంటి పని అడ్డంకుల్లేకుండా సాగాలని గట్టిగానే ప్రార్థించాడు. అందరూ ఆమెన్ అన్నారు. సంతోషకుమారి కూడా అంది.

మంగళవారం ఆమె డ్యూటీ దిగి, యూనిఫామ్‌లోనే టౌన్ హాలుకి వెళ్లింది. కమిటీలో ఆరుగురున్నారు. మాట్లాడమంటే లేచి నిలబడింది. ఇంగ్లీషు ఆమెకి కొత్తేం కాదు గానీ ఆ గదిలో తన గొంతు తనకే సన్నగా వినిపించింది. టర్న్‌బుల్స్ ఆ ఇంట్లో ఎన్నేళ్లున్నారో ఎవరికీ తెలియదనీ, హెండ్రికా కుటుంబం మాత్రం అరవై ఏళ్ల పైన ఉందనీ చెప్పింది. వాళ్లు కూడా సముద్రం దాటి ఏమీ లేకుండా వచ్చినవాళ్లేననీ, ఇక్కడ పయనీర్ అంటే అర్థం అదేననుకున్నాననీ అంది. ఇంకా ఏదో చెప్పాలనుకుంది గానీ గుర్తు రాలేదు. థాంక్యూ చెప్పి కూర్చుంది.

ఒకావిడ మాట బాగుందంది. కానీ విలేజ్‌లో ఒక్క ఇంటికి అలా చేస్తే, రేపు బడికి అతికించిన గ్యారేజీ కూడా తెచ్చిపెట్టాలి అన్నాడు ఇంకొకాయన. ఓటు వేశారు. వంటగది వద్దని నలుగురు, కావాలని ఇద్దరు. కావాలన్న ఇద్దరిలో గ్లెన్ ఒకడు. ఆమెకి ఆశ్చర్యమేసింది. బయటికొస్తుంటే అతను తలుపు పట్టుకుని, "మీరు చెప్పింది కాదనలేకపోయాను. సరిపోలేదు, ఏం చేస్తాం," అన్నాడు.

మర్నాడు హెండ్రికాకి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆవిడ విని, "నలుగురూ ఇద్దరూనా? ఫర్వాలేదే," అంది. తర్వాత అడిగింది: "ఎప్పుడు పడగొడతారు?"

"సోమవారం అంటున్నారండి."

"నన్ను తీసుకెళ్తావా? చూస్తాను."

"ఎందుకండీ? మీరు చూడలేరు."

"అది కట్టేటప్పుడు మొత్తం చూశాను. మేకులందించింది నేనే. పోయేటప్పుడు కూడా ఎవరో ఒకరు ఉండాలి కదా."

సంతోషకుమారి అల్బర్టాకి ఫోన్ చేసింది. కొడుకు, "అమ్మే అడిగితే తీసుకెళ్లండి," అన్నాడు. కేర్ హోమ్ అనుమతించింది. సోమవారం సంతోషకుమారి సెలవు పెట్టుకుంది. వీల్‌చెయిర్ ఎక్కే వ్యాన్‌లో హెండ్రికాని తీసుకొచ్చి, రోడ్డవతల మేపుల్ చెట్టు నీడలో ఆపింది. షాలేమ్ కూడా అక్కడే ఉన్నాడు, కాంట్రాక్టరు పక్కన హెల్మెట్ పెట్టుకుని. ఆవిడని చూసి ఇబ్బందిగా వచ్చి పలకరించాడు.

"మీరు ఏమీ అనుకోకండి, ఆంటీ," అన్నాడు. ఏ భాషలో మాట్లాడినా పెద్దవాళ్లని అలా పిలవడం అతనికి అలవాటు.

"ఇల్లు అమ్మాక ఏమనుకుంటాం?" అంది హెండ్రికా. "నువ్వు నిలబడ్డ చోట బావి గొయ్యి ఉండేది. పూడ్చాం గానీ మెత్తగా ఉంటుంది. బండి అటు తీసుకురావొద్దని చెప్పు."

షాలేమ్ కాళ్ల కిందికి చూసుకుని, వెళ్లి పొక్లెయిన్ డ్రైవరుకి చెప్పాడు.

దుంగల ఇంటికి దెబ్బ తగలకుండా ముందు వంటగదిని దాని నుంచి వేరు చేశారు. తర్వాత పొక్లెయిన్ తొండం చాపి కప్పు పట్టుకుంది. కప్పు తేలిగ్గానే వచ్చింది. పక్క గోడ దగ్గరికొచ్చేసరికి ఆగింది. లాగితే ఊగుతోంది గానీ ఊడి రావడం లేదు. డ్రైవరు వెనక్కి తీసి మళ్లీ పట్టాడు. చెక్క కీచుమంది. మూడోసారికీ గోడ అలాగే ఉంది.

హెండ్రికా కుర్చీలో ముందుకి వంగింది. "చూడు, చూడు," అంది సంతోషకుమారి చెయ్యి పట్టుకుని. "రావట్లేదు! ఒక్కో పలకకి రెండు మేకులు చాలంటే వినలేదు ఆ మనిషి. ఆరేసి కొట్టాడు. అన్నెందుకు ఆరీ అంటే, గాలికి పోకూడదు కదా అన్నాడు."

నవ్వుతోంది ఆవిడ. భుజాలు కదిలేలా నవ్వుతోంది. షాలేమ్ ఇటు చూసి, ఏడుస్తోందేమో అనుకుని గబగబా వచ్చాడు. దగ్గరికొచ్చాక ఏమైందని అడిగాడు. సంతోషకుమారి చెప్పింది. అతనూ తిరిగి గోడ వైపు చూశాడు. డ్రైవరు బండి దిగి, గడ్డపారతో గోడ అడుగున పలకల్ని ఒక్కొక్కటిగా సడలిస్తున్నాడు. క్వాలిటీ చూడడం షాలేమ్ ఉద్యోగం. కాసేపు చూశాక, "గట్టి పని," అన్నాడు.

చివరికి గోడ పడింది. దుమ్ము రోడ్డు దాకా వచ్చింది. కిటికీలున్న గోడ పడేటప్పుడు హెండ్రికా నవ్వలేదు. అంతా చదునయ్యాక, "ఇంక చాలు, వెళ్దాం," అంది. దారిలో కళ్లు మూసుకుంది. నిద్రపోయిందో లేదో సంతోషకుమారికి తెలియలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర షాలేమ్ కొత్త ఇంటి ప్లాను తీసి చాలాసేపు చూశాడు. వంటగది ఎటు వైపుందో సంతోషకుమారి అడగలేదు. అది ఉత్తరం వైపే ఉంది, మార్చాలంటే పర్మిట్ మళ్లీ మొదటికొస్తుంది. ప్లాను మడిచి లోపల పెట్టేశాడు.

దుంగలకి ఒక్కోదానికీ రేకు ముక్క మీద నంబరు వేసి మేకు కొట్టి, లారీల్లో పయనీర్ విలేజ్‌కి తోలారు. చలికాలమంతా అవి టార్పాలిన్ కింద ఉన్నాయి. వసంతంలో పేర్చారు. కోసేసిన మూడు దుంగల చోట కొత్తవి పెట్టారు. వాటి రంగు ఇంకా పాతవాటితో కలవలేదు. తర్వాతి జూన్‌లో ఒక శనివారం ఇంటిని ప్రారంభించారు. మేయరు రిబ్బను కత్తిరించాడు. గేటు దగ్గర దాతల పేర్లలో షాలేమ్ ఇంటిపేరు ఒక అక్షరం తప్పు పడింది. మార్పిస్తామన్నారు. ఇంటి ముందు బోర్డు మీద టర్న్‌బుల్స్ గురించి రెండు పేరాలు, అడుగున ఒక వాక్యం: తర్వాత ఈ ఇంట్లో నివసించిన ఆరీ, హెండ్రికా దంపతులు కప్పిన పలకల వల్ల ఈ దుంగలు నిలిచాయి. ఆ వాక్యం కోసం గ్లెన్ పట్టుబట్టాడని తర్వాత తెలిసింది.

సంతోషకుమారి హెండ్రికాని తీసుకొచ్చింది. గడప దగ్గర పలక వాలుగా వేసి వీల్‌చెయిర్‌ని లోపలికి తోశారు. కిందంతా ఒకటే గది, ఒక గోడకి పొయ్యి. ఒక మూల మంచం, మంచం మీద అతుకుల బొంత, ఇంకో మూల రాట్నం. తలకి తెల్ల గుడ్డ కట్టుకుని పాతకాలపు గౌను వేసుకున్న వాలంటీరు అమ్మాయి, వచ్చినవాళ్లకి టర్న్‌బుల్స్ ఎలా బతికారో వివరిస్తోంది. హెండ్రికా గది చుట్టూ చూసింది. వంటగది తలుపుండాల్సిన చోట కొత్త దుంగల దగ్గర ఆమె చూపు ఆగింది, మళ్లీ కదిలింది.

"మా ఇల్లులా లేదు," అంది మెల్లగా సంతోషకుమారితో. "ఇంత పెద్దగా ఉండేదా అనిపిస్తోంది. మాకు సామాను ఎక్కువ."

వాలంటీరు అమ్మాయి ఇటు తిరిగింది. "మీరేమైనా అడగాలా, మేడమ్?"

"అడగడానికేం లేదమ్మా. మంచం అక్కడ వెయ్యకూడదు," అంది హెండ్రికా. "అది వాయవ్యం మూల. అక్కడ ఎంత సున్నం కూరినా గాలి దూరుతుంది. ఎవరూ పడుకోలేరు. పొయ్యి ఇటు కదా, మంచం కూడా ఇటే ఉండాలి."

"మీకెలా తెలుసు?"

"నేను ఇక్కడ కాపురం చేశాను."

అమ్మాయికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత బయటికెళ్లి గ్లెన్‌ని పిలుచుకొచ్చింది. గ్లెన్ విని, ఏమీ వాదించకుండా, మంచానికి ఒక కొస పట్టుకున్నాడు. అమ్మాయి గౌను ఎత్తి పట్టుకుని రెండో కొస అందుకుంది. చూడ్డానికొచ్చిన జనం పక్కకి జరిగారు. మంచం పొయ్యి పక్కకి వచ్చింది.

"ఇక్కడా?"

"ఇంకొంచెం ఇటు. ఆఁ, అక్కడ."

ఆ తర్వాత ఒక చిన్నపిల్ల హెండ్రికా దగ్గరికొచ్చి ఈ ఇంట్లో దెయ్యాలున్నాయా అని అడిగింది. దెయ్యాల్లేవు, ఎలకలుండేవి అంది హెండ్రికా. పిల్ల ఇంకా అడిగింది. ఆవిడ చెబుతూ పోయింది. సంతోషకుమారి బయట బెంచీ మీద కూర్చుని, తీసుకొచ్చిన సమోసా ఒకటి గ్లెన్‌కిచ్చింది. వచ్చే ఏడు కమిటీలో ఒక చోటు ఖాళీ అవుతోంది, వస్తారా అని అడిగాడు అతను. ఊళ్లో ఇంకో పాత దుకాణం ఉందట, ముందు భాగం మాత్రం అరవైల్లో ఒక చైనీస్ కుటుంబం హోటలు కోసం మార్చి కట్టిందట, దాని గురించి గొడవ తప్పదట.

"మా ఆయన్ని అడిగి చెప్తాను," అంది ఆమె, అడగక్కర్లేదని తెలిసి కూడా.